దావాకును దివాలాకును నడుమ

మన పట్టణములలో "ఐ.పి." అను రెండక్షరములు ఎన్నడో తెలుగు మాటయైపోయినవి. ఇంగ్లీషు ఒక్క ముక్క రానివారు సయితము "ఫలానావాడు ఐ.పి. పెట్టినాడట" అని చెవిలో చెప్పుకొందురు. చెప్పువాని గొంతు తగ్గును. వినువాని ముఖమున మొదట ఆశ్చర్యము, వెంటనే తన సొమ్మేమైన అచట చిక్కుకొన్నదా అను లెక్క, పిమ్మట జాలియో కోపమో పొడసూపును. ఆ అక్షరములకు నిండురూపము 'ఇన్సాల్వెన్సీ పిటీషను'. అనగా, నా అప్పులు నేను తీర్చలేను, నా ఆస్తి న్యాయస్థానమే స్వాధీనపరచుకొని అప్పులవారికి పంచిపెట్టవలసినదని బాకీదారు చేసికొను దరఖాస్తు. లోకము మాత్రము దానికి 'కుచ్చుటోపీ' అని వేరొక అర్థము చెప్పుకొన్నది. ఆ అర్థమునకు ఆధారము బొత్తిగా లేకపోలేదు. కాని టోపీ వేయువారి సంగతి అటుంచి, నిజముగా మునిగిపోయినవాని గతి ఏమి? అతనికి అప్పిచ్చినవారి గతి ఏమి? న్యాయస్థానముల వసారాలలో చాలకాలము గడపిన మావంటివారికి తెలిసినంతవరకు, ఈ ప్రశ్నలకు జవాబు దరఖాస్తు పెట్టిన దినమున తేలదు. దానికి ముందు కొన్ని వారములలో, దావా సమను ఇంటికి వచ్చిన దినము మొదలు, ఆ మనిషి ఏమేమి చేసెనో దానిని బట్టి తేలును. నేడు శ్రోతలకు మనవి చేయదలచినది ఆ కొన్ని వారముల సంగతియే.

మాట తేటపడుటకు ఒక వర్తకుని ఊహింతము. చిన్న పట్టణమున బట్టల దుకాణము. చీరాలనుండియు, వేంకటగిరినుండియు సరుకు తెచ్చి అమ్మును. రెండు పెండ్లిండ్ల కాలములు బేరము లేక పోయినవి. అరువు తీసికొన్నవారు ఇయ్యలేదు. టోకువర్తకునికి 5 లక్షల రూపాయలు బాకీ. వీధిలోని విశ్రాంత ఉపాధ్యాయునికి ప్రామిసరీ నోటుపై లక్షన్నర. పొరుగింటి వితంతువునకు మరియొక లక్షన్నర. బావమరిదికి 2 లక్షలు. ఇవి కాక 8 లక్షలు చేయు ఇంటిపై బ్యాంకువారి తాకట్టు 6 లక్షలు. దుకాణములో సరుకు 2 లక్షలది. వసూలు కాగల అరువులు ఒక లక్ష. ఈ అంకెలు జ్ఞాపకముంచుకొనుడు, ముందు అవసరపడును.

మొదట సమను వచ్చును. ఇంత స్నేహముగా ఉన్న ఉపాధ్యాయుడు దావా వేసినాడేమని వర్తకుడు మనసు నొచ్చుకొనును. తరచుగా అచట పగ ఏమియు ఉండదు. కోరినపుడు చెల్లింతునని వ్రాసిన నోటునకు ఆయుర్దాయము, వ్రాసిన తేదీ మొదలు మూడు సంవత్సరములు. ఆ లోపల కొంత సొమ్ము చెల్లించి, నోటు వెనుక చెల్లు వ్రాసి సంతకము చేసినచో గడువు తిరిగి మొదలగును. అందుకే మన పెద్దలు పది రూపాయలైన చెల్లువేయించుకొని వత్తురు. బాకీదారు మొగము తప్పించి తిరిగి, ఆ చెల్లు కూడ వ్రాయకపోయినపుడు, ఋణదాతకు దావా తప్ప వేరు దారి లేదు. మూడవ సంవత్సరము చివరి నెలలో పడు దావాలలో ఎక్కువ భాగము ఇట్టివే. కోపగించుకొనక ఆ పెద్దమనిషితో మాటలాడిన, కొన్ని దావాలు మొదటి వాయిదానాడే రాజీలో ముగిసిపోవును.

ఐతే మనవాడు చేయునది వేరు. అమీను వీధిలో కనిపించినంతనే పెరటి దారిని వెడలిపోవును. "ఇంటలేరు" అని పిల్లలచేత చెప్పించును. ఇది వృథా ప్రయాస. ఇంటివాడు దొరకనప్పుడు ఇంటిలోని పెద్దవయసువారికి, స్త్రీలకైనను, సమను ఇయ్యవచ్చును. వీధితలుపునకు అంటించియు పోవచ్చును. పిమ్మట వాయిదానాడు ప్రతివాది పేరు మూడుమారులు పిలుతురు, పలుకువారుండరు, ఎక్స్ పార్టీ డిక్రీ అగును. దానిని రద్దు చేయించుకొనుటకు 30 దినములలో దరఖాస్తు పెట్టుకొనవలెను, హాజరు కాకపోవుటకు తగిన కారణము చూపవలెను. పెరటి దారి తగిన కారణము కాదు.

అప్పు నిజమే కదా, కోర్టుకు పోయి చెప్పునదేమున్నదని కొందరందురు. చెప్పునది చాలనే ఉన్నది. చెల్లించిన సొమ్ము నోటుమీద చెల్లు పడలేదేమో. వేసిన వడ్డీ ఒప్పుకొన్న వడ్డీయేనా? అన్నిటికంటె ముఖ్యము: డిక్రీ ఇచ్చునపుడే, తగిన కారణము కనబడినచో, వాయిదాల పద్ధతిని చెల్లించుమని ఆజ్ఞాపించు అధికారము న్యాయస్థానమునకు కలదు. డిక్రీ అయిన తరువాత ఆ సౌకర్యము కావలెనన్న డిక్రీదారు ఒప్పుకొనవలెను. అనగా అడుగవలసిన దినమున నోరు తెరచి అడిగినవానికి దొరకునది, మరునాడు వాదిని బతిమాలుకొన్నను దొరకకపోవచ్చును. జవాబు దాఖలు చేయుటకు సమను అందిన తేదీనుండి 30 దినములు. న్యాయస్థానము కారణములు వ్రాసి పొడిగించినను 90 దినములకు మించకూడదని 2002లో అమలులోనికి వచ్చిన సవరణ చెప్పుచున్నది. ఈ గడువు వకీలును వెదకుకొనుటకు ఇచ్చినది, దేశాంతరము పోవుటకు కాదు.

దేశాంతరమన్న మాట వచ్చినది గనుక ఒక సంగతి. అప్పులవారిని తప్పించుకొను తలపుతో ఇల్లు విడిచి పోవుటయే 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టము ప్రకారము ఒక 'దివాలా చర్య'. దానిని పట్టుకొని, 500 రూపాయలకు తక్కువ కాని బాకీ ఉన్న ఋణదాత, మూడు నెలలలోపల తానే దివాలా దరఖాస్తు పెట్టవచ్చును. దివాలా ఎప్పుడును బాకీదారే కోరుకొనునని మనలో చాలమంది తలతురు. అప్పులవారు కూడ కోరవచ్చును. రాత్రికి రాత్రి దుకాణమునకు తాళము వేసి పోయినవాడు తిరిగి వచ్చుసరికి, అతని ఐ.పి. అతడు లేకయే న్యాయస్థానమున నడచుచుండుట ఉన్నది.

సమను తరువాత భయపెట్టునది జప్తు. జప్తు తరువాత చెర. ఈ రెండింటిని గురించి ప్రజలలో ఉన్న భయము చట్టములో ఉన్న దానికంటె పెద్దది. కట్టుబట్టలు, వంటపాత్రలు, పడక సామగ్రి, ఆచారమును బట్టి స్త్రీ వదలకూడని మంగళసూత్రము వంటి ఆభరణములు, చేతిపనివాని పనిముట్లు, రైతు యొక్క నాగలి, పశువులు, విత్తనపు ధాన్యము జప్తు కావు. దివాలా అయినను ఇవి రిసీవరు చేతికి పోవు. ఇంటి ఇల్లాలి వంటపాత్రలు వీధిలో వేయింతునని ఎవరైన బెదిరించినచో అది బెదిరింపే.

చెర విషయము ఇంకను చెప్పవలెను. 1824లో లండను నగరమున ఒక చిరుద్యోగి, రొట్టెల వర్తకునికి 40 పౌనులు బాకీపడి మార్షల్సీ అను ఋణగ్రస్తుల చెరసాలలో పడినాడు. అతని కుమారుడు, పండ్రెండేండ్ల బాలుడు, బూట్లకు రాయు నల్లరంగు తయారగు కార్ఖానాలో సీసాలకు కాగితములంటించు పనిచేయుచుండెను. ఆ బాలుడే చార్లెస్ డికెన్సు. తండ్రి సుమారు మూడు నెలలకు బయటపడినది బాకీ తీర్చి కాదు. నాటి ఋణగ్రస్తుల చట్టమును ఆశ్రయించి, ఆస్తినంతను లెక్క చెప్పి. అనగా దివాలా చట్టము పుట్టుకలోనే చెరసాల తాళపుచెవి దాగియున్నది. మన దేశమున 1936లో సివిలు ప్రొసీజరు కోడును సవరించి, సొమ్ము డిక్రీ క్రింద ఎవరినైన చెరకు పంపుటకు ముందు అతడు పారిపోవ చూచెననియో, ఆస్తి దాచెననియో, శక్తి ఉండియు ఇయ్యలేదనియో న్యాయస్థానము తేల్చుకొనవలెనని విధించిరి. 1980లో సుప్రీంకోర్టున జస్టిస్ వి. ఆర్. కృష్ణయ్యరు ఇచ్చిన తీర్పు దానిని మరింత గట్టిపరచినది: చెల్లించలేని పేదరికము చెరకు కారణము కాదు. స్త్రీలను సొమ్ము డిక్రీ క్రింద అరెస్టు చేయరాదు. డిక్రీ మొత్తము 2 వేల రూపాయలకు మించనిచో ఎవరిని చెరలో పెట్టరాదు. ఎంత పెద్ద మొత్తమైనను మూడు నెలలకు మించరాదు.

ఇందులో ఒక చిన్న నిబంధన మాకు ఎప్పుడును విశేషముగా తోచును. సొమ్ము డిక్రీ క్రింద అరెస్టయి వచ్చిన బాకీదారుతో, నీవు దివాలా దరఖాస్తు పెట్టుకొనవచ్చునని న్యాయస్థానమే చెప్పవలెను. అతడు అట్లు చేయుదునని చెప్పి, ఒక నెలలో దరఖాస్తు పెట్టుటకును, పిలిచినప్పుడు వచ్చుటకును హామీ ఇచ్చినచో విడిచిపెట్టవచ్చును. దివాలా దొంగదారియని తలచువారు ఈ సంగతి గుర్తింపవలెను: ఆ దారి ఉన్నదని చెప్పుట న్యాయాధికారికి చట్టము విధించిన పని.

ఇక దరఖాస్తు. బాకీలు మొత్తము 500 రూపాయలైనను, లేక డిక్రీ క్రింద అరెస్టైనను, లేక డిక్రీ అమలులో ఆస్తి జప్తయి ఉన్నను బాకీదారు దానిని పెట్టుకొనవచ్చును. అప్పులు తీర్చలేనని పైకి కనబడునంత రుజువు చాలును. ప్రవేశద్వారము ఇంత విశాలముగా ఉండుటచేతనే లోకమునకు అనుమానము కలిగినది. నిష్క్రమణ ద్వారము ఎంత ఇరుకో లోకము చూడలేదు. దాని సంగతి తరువాత.

దరఖాస్తు పెట్టినంతనే దావా ఆగిపోవునని ఒక గట్టి నమ్మకము ప్రచారములో ఉన్నది. "వేయనిమ్ము, రేపు ఐ.పి. పడవేసెదను" అని దావా వేసినవానిని వెక్కిరించువారు కలరు. దావా ఆగదు. దరఖాస్తు పడుట ఒకటి, దానిని న్యాయస్థానము స్వీకరించుట ఒకటి, అప్పులవారికి నోటీసులు పంపి విచారణ చేసి అతనిని దివాలాదారుగా నిర్ణయించుట ఒకటి. ఈ మూడవ మెట్టుమీద గాని అసలు రక్షణ లేదు. ఆ నిర్ణయము రుజువైన పిమ్మట, దావా నడచుచున్న న్యాయస్థానము దానిని నిలుపవలెను, లేదా తగు షరతులతో సాగనీయవలెను. కొత్త దావా వేయవలెనన్న దివాలా న్యాయస్థానపు అనుమతి కావలెను. అరెస్టునుండి రక్షణ కూడ అప్పుడే కోరవలెను. అందుచేత నోటుదావాలో జవాబు దాఖలు చేయక, ఐ.పి.ని నమ్ముకొని ఇంట కూర్చుండుట రెంటికి చెడుట. చెక్కు చెల్లక పడిన కేసు మరియొక దారి. అది క్రిమినలు వ్యవహారము, దివాలా దరఖాస్తు ఉన్నదని దానంతట అది ఆగదు.

ఈ మెట్ల నడుమ ఒక పరుగుపందెము జరుగుచుండును. మన వర్తకుని కథలో టోకువర్తకుడు చురుకైనవాడు. డిక్రీ పొంది, దుకాణములోని సరుకు జప్తు చేయించి, వేలము వేయించి 2 లక్షలు రాబట్టుకొన్నాడనుకొందము. ఈ సొమ్ము చేతికి వచ్చినది దివాలా దరఖాస్తు స్వీకరించిన తేదీకి ముందైనచో అది అతనిదే. వేలము కాకముందే దరఖాస్తు స్వీకరింపబడి ఆ కబురు అమలు న్యాయస్థానమునకు చేరినచో, సరుకు రిసీవరునకు పోవును. దావా ఖర్చులు, అమలు ఖర్చులు మాత్రము దానిమీద మొదట రాబట్టుకొనవచ్చును. కనుక అందరికి సమముగా పంచవలెనని మనసున్న బాకీదారు దరఖాస్తును ఆలస్యము చేయుట మంచిది కాదు. వేలము పాట ముగిసిన మరునాడు వచ్చి ఏడ్చినవానికి వకీలు చేయగల సహాయము స్వల్పము.

ఇప్పుడు బావమరిది కడకు వత్తము. ఈ ప్రసంగమునకు నిజమైన కీలకము ఆయనయే.

దావా పడినదని తెలిసిననాడు ఆయన వచ్చును. అరుగుమీద కూర్చుండి మొదట ధైర్యము చెప్పును. పిదప, "బావా, ఊరివారి అప్పు మాట ఎట్లున్నను, నా 2 లక్షలు మాత్రము ముందు సర్దుము. మీ చెల్లెలి పుట్టింటి సొమ్ము" అనును. ఇంటిలోనుండి భార్య మాట కూడ అటే మొగ్గును. వర్తకుడు దుకాణములోని సరుకు చవకగా ఎవరికో అప్పగించి, వచ్చిన 2 లక్షలు బావమరిదికి ఇచ్చివేయును. ఇంతలో ఇంకొక హితుడు, ఇల్లు భార్య పేర దానపత్రము వ్రాయుమని సలహా ఇచ్చును. ఇరువురు సలహాదారులును ప్రేమచేతనే చెప్పినారు. ఇరువురును అతనిని ముంచినారు.

లెక్క చూతము. ఖర్చులు, గుమాస్తా జీతము వంటి ముందు చెల్లింపవలసినవి ప్రక్కనపెట్టుదము. ఇల్లు అమ్మి బ్యాంకువారిది తీర్చగా మిగులు 2 లక్షలు, సరుకు 2 లక్షలు, అరువులు ఒక లక్ష, వెరసి 5 లక్షలు. తాకట్టు లేని అప్పులు వెరసి 10 లక్షలు. అందరికిని రూపాయికి ఎనిమిదణాలు వచ్చును. పొరుగింటి వితంతువునకు లక్షన్నరకు 75 వేలు దక్కును. బావమరిదికి 2 లక్షలు నిండుగా ఇచ్చివేసినచో మిగిలినది 3 లక్షలు, మిగిలిన అప్పు 8 లక్షలు, రూపాయికి ఆరణాలే. ఆమెకు వచ్చునది 56,250 రూపాయలు. 18,750 రూపాయలు ఆమె కొంగునుండి విప్పి బావమరిది జేబులో వేసినట్లు. ఆమెకు పుట్టినింటి బలము లేదు. అరుగుమీద కూర్చుండి మాటలాడు అలవాటు లేదు. భర్త పోయినపుడు వచ్చిన భీమా సొమ్ము వడ్డీకి ఆశపడి, అంతకంటె నమ్మకమునకు ఆశపడి, ఇచ్చినది.

చట్టము ఈ లెక్క ఎరుగును. దరఖాస్తు పెట్టుటకు ముందు మూడు నెలలలో, ఒక ఋణదాతకు మిగిలినవారికంటె మేలు చేయవలెనను ఉద్దేశముతో చెల్లించినది రిసీవరు ఎదుట నిలువదు. బావమరిది ఆ సొమ్ము తిరిగి తేవలెను. దరఖాస్తునకు ముందు రెండు సంవత్సరములలో ప్రతిఫలము లేక చేసిన బదిలీయు నిలువదు; దానపత్రము చింపిన కాగితముతో సమానము. మంచివిశ్వాసముతో తగిన వెల ఇచ్చి కొన్నవానికి ఇది వర్తింపదు. దావా వత్తిడికి తాళలేక చెల్లించుట వేరు, ప్రీతికొద్ది పిలిచి చెల్లించుట వేరు. ఉద్దేశమేమని న్యాయస్థానము చూచును. టోకువర్తకుడు వేలములో 2 లక్షలు రాబట్టుకొన్నప్పుడు కూడ వితంతువు వాటా ఆరణాలకే దిగునని శ్రోతలు లెక్కకట్టి ఉందురు. నిజమే. కాని అతడు బహిరంగముగా, నలుగురును తెలిసికొనుటకు వీలుగా న్యాయస్థానముద్వారా వచ్చినాడు. చట్టము జాగరూకునికి కొంత మన్నన చూపును, చుట్టమునకు చూపదు.

ఆస్తి దాచిన సంగతి, దొంగ లెక్కలు వ్రాసిన సంగతి బయటపడిన ఒక సంవత్సరము వరకు ఖైదు పడవచ్చును. అప్పు తీర్చలేనందుకు చెర లేదని ఇప్పుడే చెప్పుకొన్నాము. అప్పునకు లేని చెర దాపరికమునకు ఉన్నది.

ఇక ఆ ఇరుకైన నిష్క్రమణ ద్వారము. దివాలాదారుడైనవాడు కొంతకాలమునకు ఋణవిముక్తి కోరి మరల న్యాయస్థానమునకు రావలెను. ఆస్తి రూపాయికి ఎనిమిదణాలైన రాలేదా? అది నా చేతిలో లేని కారణములచేతనని అతడు రుజువు చేయవలెను. గత మూడేండ్ల చిట్టా, ఆవర్జా సరిగా వ్రాయలేదా? తీర్చలేనని తెలిసియు వ్యాపారము సాగించినాడా? జూదము, సాహసపు బేరములు, దుబారా ఉన్నవా? ఇట్టివి రుజువైనచో షరతులేని విముక్తి దొరకదు. వాయిదా పడును, లేక ముందు సంపాదనలో భాగమును కట్టుమని షరతు పడును. విముక్తి పొందువరకు తన స్థితి చెప్పక ఎవరివద్దనైన 50 రూపాయలు, అంతకు మించి అరువు తెచ్చుట నేరము. శాసనసభకు గాని పార్లమెంటునకు గాని ఎన్నిక కాజాలడు. విముక్తి వచ్చినను ప్రభుత్వపు బాకీయు, మోసముచేత తెచ్చిన అప్పును, భార్యాపిల్లల మనోవర్తియు పోవు.

పూచీపడినవారి మాట చెప్పక ముగింపరాదు. బాకీదారునకు విముక్తి వచ్చినను అతనికి హామీ సంతకము చేసిన స్నేహితునికి రాదు. జంటగా నోటు వ్రాసినవానికిని, భాగస్వామికిని రాదు. అప్పులవారు అందరును వారిమీద పడుదురు. దివాలా దరఖాస్తు పెట్టదలచినవాడు ఆ స్నేహితునికి ముందుగా చెప్పి, అతడును వకీలును చూచుకొనుటకు వ్యవధి ఇచ్చుట కనీస మర్యాద. చాలమంది సిగ్గుచేత చెప్పరు. స్నేహితుడు నోటీసు చూచి తెలిసికొనును. కుమారుల విషయమున కొంత మార్పు వచ్చినది. తండ్రి అప్పును కొడుకు తీర్చవలెనను ధర్మశాస్త్రపు బాధ్యతను బట్టి మాత్రమే కొడుకుపైకి పోవుటను, 2005 నాటి హిందూ వారసత్వ చట్టపు సవరణ, ఆ సవరణ తరువాత చేసిన అప్పులకు తొలగించినది. కొడుకు తానుగా సంతకము చేసియున్నచో ఆ రక్షణ లేదు.

అప్పిచ్చినవారికి కూడ ఒక మాట. నోటీసు వచ్చినపుడు కోపముచేత దానిని చింపి పారవేయువారిని మేమెరుగుదుము. తన బాకీ రుజువుచేసి జాబితాలో పేరు ఎక్కించుకొననివానికి పంపకములో దమ్మిడీ రాదు. విచారణనాడు బాకీదారును ప్రశ్నించు హక్కు ఋణదాతకు కలదు: సరుకు ఎవరికి అమ్మితివి, సొమ్మేమయ్యెను, దానపత్రము ఎన్నడు వ్రాసితివి? ఆ వితంతువు తరపున ఒక వకీలు ఈ మూడు ప్రశ్నలు అడిగినచో ఆమె 18,750 రూపాయలు తిరిగి లెక్కలోనికి వచ్చును. ఆమె రాకపోయినచో అడుగువారెవరు? బ్యాంకువారు అడుగరు, తాకట్టు ఉన్నవారు దివాలాకు వెలుపల నిలుచుండి తమ తాకట్టు తాము రాబట్టుకొందురు.

ఇట్టి వ్యవహారములు పెద్దవారికి రావని అనుకొనరాదు. 1906 అక్టోబరులో చెన్నపట్టణమున అర్బత్‌నట్ కంపెనీ కూలినపుడు, రాజధానిలో ఎందరో తమ జీవితకాలపు పొదుపు పోగొట్టుకొనిరి. మన కోస్తా జిల్లాలు, రాయలసీమ ఆ రాజధానిలోనివే. దాని పెద్ద సర్ జార్జి అర్బత్‌నట్‌కు మరుసటి సంవత్సరము పదునెనిమిది నెలల కఠినశిక్ష పడినది. ఆ పతనమునుండియే స్వదేశీయుల సొంత బ్యాంకు కావలెనను పట్టుదల పుట్టి 1907లో ఇండియన్ బ్యాంకు వెలసినది. 1909లో రాజధాని నగరములకు కొత్త దివాలా చట్టమును, 1920లో జిల్లాలకు మనము చెప్పుకొన్న చట్టమును వచ్చినవి. 2016లో దేశమంతకును కొత్త దివాలా కోడు చేసిరి. దానిలో వ్యక్తులకు సంబంధించిన భాగము 2019 డిసెంబరు 1 నుండి, కంపెనీల అప్పులకు పూచీపడినవారి విషయమున అమలులోనికి వచ్చినది. చిన్న వర్తకుడు, రైతు, ఉద్యోగి సబుకోర్టులో పెట్టు ఐ.పి.కి ఆధారము ఆ 1920 నాటి చట్టమే.

వకీలు వద్దకు మొదటి దినమున పోవునపుడు మన వర్తకుడు చేత పట్టుకొని పోవలసినవి: వచ్చిన సమను, మూడేండ్ల లెక్క పుస్తకములు, అప్పులవారి పేర్లు, ఊళ్లు, మొత్తములు గల జాబితా, ఆస్తి ఎచట ఎంత ఉన్నదో వివరము. జాబితాలో బావమరిది పేరు ఉండవలెను. వితంతువు పేరు ఉండవలెను. చెప్పుకొన సిగ్గుపడు చేబదులు కూడ ఉండవలెను. దివాలాదారుగా నిర్ణయించునాడు, ఇంత కాలములోపల ఋణవిముక్తికి దరఖాస్తు పెట్టుకొనుమని న్యాయస్థానము ఒక గడువు వ్రాయును. ఆ తేదీని గోడమీద పంచాంగములో గుర్తుపెట్టుకొనవలెను. గండము గడచినదని దానిని మరచినవారి దివాలా నిర్ణయము రద్దగును; ఆ మరునాటినుండి అప్పులవారు మరల వీధిగుమ్మము ఎక్కవచ్చును.